అడగని పాస్

“మావాడి చెయ్యయితే ఎంత తేలిగ్గా సాగేదో” అంది అత్తగారు, మామగారి గడ్డానికి కోడలు రేజరు ఆనించీ ఆనించగానే.

పక్షవాతంతో నోరు ఒక పక్కకి జారిపోయిన మనిషికి గడ్డం గీయడమంటే మాటలు కాదు. చర్మాన్ని ఎడమచేత్తో లాగి పట్టుకోవాలి, ఆయన దగ్గు ఆపుకునేదాకా రేజరు గాల్లోనే ఉంచాలి. మామగారు కళ్ళు గట్టిగా మూసుకుంటారు. కోడలిచేత గీయించుకోవడం ఆయనకు సిగ్గు, గీయడం ఆమెకూ సిగ్గే. ఆ సిగ్గు ఊసెత్తకుండా ఇద్దరూ పని కానిచ్చేస్తారు. భర్త ఉన్నప్పుడు ఇదంతా అతని పని. తండ్రిని మంచం మీంచి లేపడం, స్నానానికి తీసుకెళ్ళడం కూడా అతనే చూసేవాడు. సైన్యం నుంచి బయటికొచ్చి, ఒక లిఫ్టుల కంపెనీలో మెకానిక్‌గా పనిచేసుకుంటూ తన మానాన తను బతుకుతున్నవాడికి ఉన్నట్టుండి మళ్ళీ విధుల్లో చేరమని పిలుపొచ్చింది. బ్యాగు సర్దుకుని వెళ్ళాడు. వీధి వీధంతా గుమ్మాల్లోకి వచ్చి చేతులూపింది. అతను వదిలేసి వెళ్ళిన పనులు ఎవరి నెత్తిన పడ్డాయో చూడ్డానికి మాత్రం ఎవరూ గుమ్మంలో నిలబడలేదు.

సరిగ్గా ఆ వారమే ఆమెకు ప్రాక్టికల్ పరీక్ష వచ్చిపడింది. పెళ్ళితో ఆగిపోయిన చదువును ఇన్నాళ్ళకు మళ్ళీ అందుకుని ల్యాబ్ టెక్నీషియన్ కోర్సులో చేరింది. గాజు పలక మీద రక్తపు చుక్కను పల్చగా పరిచి, రంగు వేసి, మైక్రోస్కోపు కింద కణాలను గుర్తుపట్టాలి. క్లాసులో ఆమె పలకంత శుభ్రంగా ఎవరిదీ వచ్చేది కాదు. ఆ గుండ్రటి వెలుగులో కన్ను పెట్టి కూర్చున్నంతసేపూ టీ ఏదని అడిగేవాళ్ళుండరు, తువ్వాలు కనబడడం లేదని కేకేసేవాళ్ళుండరు. పరీక్షనాటి పొద్దున మామగారు స్నానాల గదిలో జారిపడ్డారు. ఆయన్ని లేపి, ఆసుపత్రికి తీసుకెళ్ళి వచ్చేసరికి పరీక్ష అయిపోయింది. పక్క వీధిలోనే ఉండే మరిదికి ఫోను చేద్దామంటే అత్తగారు ఒప్పుకోలేదు. “వాడు ఆఫీసుకి వెళ్ళే వేళ, పాపం” అంది.

ఇవాళ రేజరు కడుగుతుండగా కాలేజీ నుంచి సందేశం వచ్చింది. ప్రాక్టికల్‌లో పాస్. తను అడుగు కూడా పెట్టని పరీక్షలో పాసేమిటని బుర్ర బద్దలు కొట్టుకుంటుంటే భర్త ఫోను చేశాడు.

“వచ్చిందా? ఇక్కడినుంచే మీ కాలేజీకి రాశాను. సైనికుల ఇంట్లోవాళ్ళకి పరీక్ష లేకుండా పాస్ ఇచ్చే వెసులుబాటుందట. నీకో తలనొప్పి వదిలించా!”

“నన్నొక మాట అడగొచ్చుగా?”

“మంచి చెయ్యడానికి కూడా అడగాలా?”

అక్కడెవరో కేకేశారు, ఫోను కట్టయింది. “చూశావా, అంత దూరాన ఉన్నా నీ ధ్యాసే వాడికి” అని అత్తగారు మురిసిపోయింది. కోడలికి ఒళ్ళు మండిపోయింది. చెడ్డవాడైతే ఎంత సులువు, నాలుగు తిట్టి ఊరుకోవచ్చు. ఇంత మంచిగా తన బతుకులో వేలు పెట్టేవాణ్ణి ఏమనాలి? ఆ పాస్ పక్కన మార్కులు ఉండవు. మార్కులు లేనివాళ్ళను ఆసుపత్రి శిక్షణకు తీసుకోరు. శిక్షణ లేకపోతే ఈ కోర్సు గోడకు తగిలించుకోవడానికి తప్ప ఎందుకూ పనికిరాదు. ఆ సంగతి అతనికి తెలియదు. తెలుసుకోవాలని తోచనూ లేదు. అయినా, పరీక్షకి వెళ్ళకుండా పాసైనదాని చేతికి ఎవరు తమ రక్తం ఇస్తారు?

కాలేజీ ఆఫీసులో క్లర్కు ఆమె మాట విని కళ్ళజోడు తీసేశాడు. “పాస్ చెయ్యండి బాబూ అని కాళ్ళావేళ్ళా పడేవాళ్ళని చూశానుగానీ, పాస్ తీసెయ్యమనేవాళ్ళని ఇప్పుడే చూస్తున్నానమ్మా” అని లోపలికి పంపాడు.

పరీక్షల అధికారి మర్యాదగానే కూర్చోబెట్టాడు. ఫలితాన్ని ‘అసంపూర్ణం’ అని ఉంచి తర్వాత పరీక్ష పెట్టే ఏర్పాటు ఉందనీ, అది ఆమెకు వర్తించదనీ చెప్పాడు.

“అది పిలుపొచ్చినవాళ్ళకమ్మా. పిలుపు మీవారికొచ్చింది. మీరు ఇంట్లోనే ఉన్నారు కదా?”

“ఇంట్లోనే ఉన్నాను సార్. అందుకే పరీక్షకి రాలేకపోయాను.”

ఆయన నవ్వబోయి ఆగాడు. నోటీసుబోర్డు మీది నియమాన్ని ఆమె ఫోనులో ఫోటో తీసుకునే వచ్చింది. పైకి చదివింది: “అనుకోని సేవా బాధ్యత మీదపడిన విద్యార్థికి.” ఫోను ఆయన ముందు పెట్టింది.

“ఇందులో తుపాకీ అన్న మాట ఎక్కడుంది సార్?”

ఆయన రెండుసార్లు చదువుకున్నాడు. పెన్ను తీశాడు. “సరే, రాస్తాను. కానీ ఆలోచించుకోండి. వచ్చే నెల పరీక్ష తప్పితే ఫెయిలే. ఈ పాస్ మళ్ళీ రాదు. ఆరోజు కూడా మీ ఇంట్లో ఏదైనా అయితే?”

ఇంట్లో ఏదో ఒకటి అవుతూనే ఉంటుంది. అవ్వనిరోజు చూసి బతకాలంటే ఈ జన్మ చాలదు.

“తీసెయ్యండి సార్ ఆ పాస్” అంది.

బయటికొచ్చాక వరండాలో బల్ల మీద కూర్చుని, ఇన్నాళ్ళూ ఎవరూ చెయ్యని ఫోను చేసింది.

“చెప్పు వదినా” అన్నాడు మరిది.

“వచ్చే నెల నాకు పరీక్ష. సాయంత్రం వచ్చి నాన్నగారిని ఎలా లేపాలో, గడ్డం ఎలా గీయాలో నేర్చుకో. రేపట్నుంచి పొద్దున పూట ఆయన పని నీది.”

“అమ్మకి తెలుసా?” అన్నాడు మరిది.

“ఇంటికెళ్ళి చెబుతాను.”

“అదికాదు వదినా... నాకు ఉద్యోగం ఉంది కదా!”

“మీ అన్నయ్యకీ ఉంది. పిలుపొచ్చిందంటే సెలవిచ్చారు” అంది ఆమె. “నీకూ వచ్చిందని చెప్పు.”