ఐదో గడిలో చెల్లో

వయోలా అంటే ఏమిటని అడగని మనిషి ఆమెకు నలభై రెండేళ్లొచ్చినా తగల్లేదు. వయొలిన్ లాగే ఉంటుంది, కాస్త పెద్దది, గొంతు కాస్త బొంగురు అని చెప్పీ చెప్పీ విసుగెత్తి, ఈమధ్య "పెద్ద వయొలినండీ" అనేసి ఊరుకుంటోంది. ఆమె వాయించే క్వార్టెట్‌లో నలుగురు. రెండు వయొలిన్లు, ఒక వయోలా, మోకాళ్ల మధ్య నిలబెట్టుకుని వాయించే చెల్లో ఒకటి. ఆ చెల్లో ఆమె తండ్రిది. ఆమెకు సంగీతం నేర్పిందీ ఆయనే. ఊళ్లో హాలువాళ్లు ఏడాదికి పన్నెండు కచేరీలు పెట్టిస్తారు, మిగతా రోజుల్లో పిల్లలకు పాఠాలు. దేశమంతా మోగిపోయే పేరేం కాదు గానీ, తీసిపారేసే బృందమూ కాదు.

ఇక అసలు సంగతికొద్దాం. ఆ చెల్లో ఆయనకు చెవులు మొరాయించి నాలుగేళ్లయింది.

బొత్తిగా వినబడదని కాదు. తన చెల్లో ఆయనకు వినిపిస్తుంది, ఎందుకంటే అది రొమ్ముకి ఆనుకునే ఉంటుంది, ఎముకల్లోంచి పోతుంది. బిగ్గరగా మాట్లాడితే సగం విని, సగం పెదాలు చూసి పట్టేస్తాడు. సన్నటి చప్పుళ్లే పోయాయి. కూతురికి అది తెలిసింది వంటింట్లో. ఒకరోజు ఆమె తండ్రి ఉండే పైవాటాలోకి వెళ్లేసరికి పొయ్యి మీద కేటిల్ ఈల వేసి వేసి గొంతు చించుకుంటోంది. దానికి మూరెడు దూరంలో కూర్చుని ఆయన నింపాదిగా పేపరు చదువుకుంటున్నాడు.  ఆమె వెళ్లి పొయ్యి కట్టేసింది. నోరు మాత్రం విప్పలేదు. అప్పుడు విప్పి ఉంటే ఈ కథే లేదు.

మర్నాటి నుంచి ఆమె తలూపడం మొదలుపెట్టింది.

నలుగురూ ఒక్కసారిగా ఎత్తుకోవాలంటే ఎవరో ఒకరు సైగ చెయ్యాలి. మామూలుగా అది మొదటి వయొలిన్ పని. ముక్కుతో గట్టిగా ఊపిరి పీలుస్తారు, ఆ పీల్పుని బట్టే వేగం ఎంతో, బలం ఎంతో మిగతావాళ్లకు తెలిసిపోతుంది. అప్పట్లో మొదటి వయొలిన్ వాయించే పెద్దమనిషి ఊపిరితో సరిపెట్టుకునే రకం కాదు, ప్రతి ఎత్తుగడకీ కుర్చీలోంచి సగం లేచేవాడు. చూసినవాళ్లు నవ్వుకునేవాళ్లు గానీ, చెల్లో ఆయనకు అది దేవుడిచ్చిన వరం. చూసి వాయించేవాడు. పెద్దమనిషి కంట పడని చోట్ల కూతురు ఎదురుగా కూర్చుని గడ్డం చిన్నగా కిందికి దించేది. ఆయన చేతిలో కమాను తీగ మీద పడేది. మూడో కంటికి తెలిసేది కాదు. అలవాటెంత ముదిరిందంటే, భోజనాల దగ్గర ఒకరోజు ఆమె మొగుడు "ఏంటే, నేనేమన్నా ముందే ఔనని తలూపేస్తున్నావు, ఒంట్లో బానే ఉందా?" అని అడిగాడు.

తలూపడానికి ఖర్చేముంది అనుకుంటారేమో. ఉంది. ఎదుటివాడికి సైగ చెయ్యాలంటే నువ్వు ముందే సిద్ధమవ్వాలి. నాలుగేళ్లు ముందే సిద్ధమై సిద్ధమై, ఆమె కమాను కూడా ముందే పడటం మొదలైంది. ఎంతో కాదు, వెంట్రుకవాసి. ఈ సంగతి ఆమెకు తానుగా తెలియలేదు. నాలుగో ఏడు వేసవిలో పెద్ద ఊరి బృందం ఒకటి వయోలా కావాలని ప్రకటిస్తే, తండ్రికి చెప్పకుండా వెళ్లి వాయించి వచ్చింది. వారం తిరక్కుండా జవాబొచ్చింది. "మీ నాదం మాకు చాలా నచ్చింది. కానీ ప్రతి ఎత్తుగడా మాకంటే ముందే వస్తోంది. మీరు తోటివాళ్లను చూస్తున్నారు, వినడం లేదు" అని రాశారు. చిన్నప్పుడు కళ్లకు చేతిరుమాలు కట్టి "ముందు విను, తర్వాతే వాయించు" అని తండ్రి నేర్పిన పిల్ల ఆమె. ఆ ఉత్తరం ఎవరి కంటా పడకుండా పట్టుకెళ్లి, బస్టాండులో బెంచీ మీద కూర్చుని ఏడ్చింది. తర్వాత దాన్ని నాలుగు మడతలు పెట్టి వయోలా పెట్టెలో పడేసింది.

ఆ పైనెల మొదటి వయొలిన్ పెద్దమనిషి భుజం పట్టేసి వాయిద్యం మానేశాడు. ఆయన చోట్లో కొత్తమ్మాయి వచ్చింది.

పాతికేళ్ల పిల్ల. పేరున్న కాలేజీలో చదివింది. ఏమాటకామాటే చెప్పుకోవాలి, చెయ్యి బంగారం. ఒళ్లు మాత్రం ఇసుమంతైనా కదలదు. ఒళ్లు ఊపడం సంగీతం కాదని వాళ్ల కాలేజీలో నూరిపోశారట. కళ్లు దించుకుని, ముక్కుతో సన్నగా ఊపిరి తీసుకుని మొదలుపెట్టేస్తుంది. ఆ ఊపిరి చెల్లోకి వినబడే ప్రశ్నే లేదు. అందుకని బరువంతా వయోలా మెడ మీద పడింది. ఇదివరకు నాలుగుచోట్ల తలూపే మనిషి ఇప్పుడు నలభైచోట్ల ఊపాలి. రెండు వారాలకే మెడ పట్టేసింది.

వాళ్లు సాధన చేసేది ఒక కుట్టుమిషన్ల దుకాణం మీద మేడగదిలో. చెక్క నేల, ఒకే కిటికీ, కింద నుంచి పొద్దస్తమానం మిషన్ల రొద. మూడో వారం, తీగ మీద పట్టు దొరకడానికి కమాన్లకు రోజిన్ బిళ్ల రాసుకుంటుండగా కొత్తమ్మాయి ఉన్నట్టుండి అంది.

"అక్కా, ఏమనుకోకండి. మీరు నాకంటే ముందే ఎత్తుకుంటున్నారు. పైగా ఆ తలూపడం చూస్తుంటే నాకు లెక్క తప్పిపోతోంది."

"అలవాటమ్మా, చూస్తాలే," అని ఆమె నీళ్లు నమిలింది.

"మా కాలేజీలో దీనికో మందుంది. కుర్చీలు వెనక్కి తిప్పుకుని, వీపులు వీపులు ఆనించి కూర్చుంటాం. ఎవరి మొహం ఎవరికీ కనబడదు. వారం చేస్తే చాలు, చెవులు తెరుచుకుంటాయి."

రెండో వయొలిన్ వాయించే ఆయన్ని అందరూ గడియారం అంటారు. పదంటే పదికి మెట్లెక్కుతాడు, పన్నెండంటే పన్నెండుకి దిగిపోతాడు. ఆయన గోడ వైపు చూసి "ఇంకా గంటా పది నిమిషాలుంది, చేద్దాం" అన్నాడు.

 "ఇప్పుడెందుకు, కచేరీ దగ్గరపడింది," అంటూ ఆమె ఏదో గొణిగింది. ఇంతలో చెల్లో ఆయన కొత్తమ్మాయి పెదాల మీంచి చూపు తీసి, "బానే ఉంది. నేను దీన్ని కళ్లకు గుడ్డ కట్టి పెంచాను. తిప్పండర్రా కుర్చీలు!" అన్నాడు. మొండితనమో, పరువో, ఆ పెద్దాయనకే తెలియాలి.

కుర్చీలు తిప్పారు. చెల్లో మొహం కిటికీ వైపు పడింది. కచేరీకి సాధన చేస్తున్న కృతిలో నెమ్మదిగా సాగే రెండో భాగం ఎత్తుకున్నారు. స్వరాల కాగితంలో నిలువు గీతకీ గీతకీ మధ్య ఉన్న చోటుని వాళ్లు గడి అంటారు. మొదటి నాలుగు గడులు పై ముగ్గురివి, ఊపిరంత సన్నగా వాయించాలి. చెల్లో వచ్చేది ఐదో గడిలో.

కొత్తమ్మాయి ఊపిరి తీసుకుంది. ముగ్గురూ మొదలుపెట్టారు. నాలుగో గడి చివర ఆమె మడమతో నేల మీద మెల్లగా ఒక్క దెబ్బ వేసింది. చెల్లో కింద ఉండే ఇనప ములుకు ఆ చెక్కలోనే దిగి ఉంటుంది. దెబ్బ చెక్కలోంచి ములుకుకీ, ములుకులోంచి ఆయన మోకాళ్లకీ చేరింది. చెల్లో ఠంచనుగా ఐదో గడిలో వచ్చింది. బతికానురా దేవుడా అనుకుంది ఆమె.

కొత్తమ్మాయి ఆపేసింది. ఆమె మోచేత్తో వెనక్కి తడితే చెల్లో కూడా ఆగింది. "ఎవరో కాలు కొట్టారు," అంది కొత్తమ్మాయి.

"నేను కాదు," అన్నాడు గడియారం, ఎవరడిగారో పాపం.

"నేనే," అంది ఆమె.

"కాళ్లు పైన పెట్టేసుకుందాం అక్కా. చెప్పులు కూడా విప్పేద్దాం."

పిల్ల మంచిదే, పట్టు వదలదంతే. ముగ్గురూ చెప్పులు విప్పి, పాదాలు కుర్చీ అడ్డకర్ర మీద పెట్టుకున్నారు. మళ్లీ ఊపిరి.

ఆమె దగ్గొచ్చినట్టు నటించవచ్చు. కమాను జారవిడవవచ్చు. ఆపించడానికి దారులు చాలానే ఉన్నాయి, ఆ క్షణంలో అన్నీ గుర్తుకొచ్చాయి కూడా. కానీ తలూపడానికి ఎదురుగా మొహం లేదు, తొక్కడానికి కాలి కింద నేల లేదు. నాలుగేళ్ల తర్వాత మొదటిసారి ఆమెకు వినడం తప్ప పని లేకపోయింది. కొత్తమ్మాయి ఊపిరి చెవిలో పడింది. తన కమాను ఆ ఊపిరి చివర, పడాల్సిన చోట పడింది. ముందు కాదు, వెనక కాదు. మూడు వాద్యాలు ఒక్క గొంతుగా కలిసిపోయాయి. ఎంత హాయిగా ఉందో! ఆ నాలుగు గడులూ ఆమె తండ్రిని మర్చిపోయింది. తర్వాత ఎన్నాళ్లు తలుచుకున్నా తనని తాను క్షమించుకోలేకపోయింది దీనికే.

ఐదో గడి వచ్చింది. చెల్లో రాలేదు.

ఆరో గడిలో గడియారం ఆపేశాడు. కొత్తమ్మాయి ఆపేసింది. ముగ్గురూ కుర్చీల్లో వెనక్కి తిరిగి చూశారు.

ఆయన నిటారుగా కూర్చుని ఉన్నాడు. కమాను తీగకి అంగుళం పైన సిద్ధంగా పట్టుకున్నాడు. కింద నుంచి మిషన్లు రొద పెడుతున్నాయి. మొహం మీద చిరునవ్వు. కాసేపు చూసి, సహనం చచ్చి, కిటికీ వైపే తిరిగి గట్టిగా అన్నాడు.

"ఏమర్రా, మొదలుపెట్టరా?"

 ఎవరు పలికినా ఏం లాభం. ఆయనే తల తిప్పి, ముగ్గురి మొహాలూ చూసి, వాళ్ల ఒళ్లోకి దిగిపోయిన కమాన్లు చూసి, తన కమాను నెమ్మదిగా దించాడు. కొత్తమ్మాయి లేచి నిలబడింది. "సర్, నాకు తెలీదు సర్," అంది.

"నీకెలా తెలుస్తుంది తల్లీ. తెలిసింది దీనొక్కదానికే," అని గడ్డంతో కూతుర్ని చూపించాడు. "నాకు వినబడదమ్మా. ఇది తలూపుతుంటే నేను వాయిస్తున్నాను."

చెల్లో పెట్టెలో, రోజిన్ బిళ్ల దాచుకునే అరలోంచి, చిన్న డబ్బా తీశాడు. అందులో చెవి మిషన్ ఉంది. మూడేళ్లనాడే కొనుక్కున్నాడట. పెట్టుకుంటే మాటలు బాగానే ఉన్నాయి గానీ, వయొలిన్లు రేకు డబ్బాలు దొర్లించినట్టు ఉన్నాయట. అందుకని డబ్బా మూసేశాడు.

గడియారం ఆ రోజు పన్నెండు కాకుండానే మెట్లు దిగాడు. కొత్తమ్మాయి కళ్లు తుడుచుకుంటూ ఆయన వెనకే వెళ్లింది. తండ్రీకూతుళ్లు మిగిలారు.

"నేను తలూపుతున్నట్టు నీకెప్పట్నుంచి తెలుసు?" అని ఆమె ఆయనకు కనబడేలా పెదాలు కదుపుతూ అడిగింది.

"మొదటి రోజు నుంచీ."

"మరి చెప్పలేదేం?"

"నువ్వు చెప్పావా?" అన్నాడు. నేల వైపు చూస్తూ మళ్లీ అన్నాడు. "నీ పెట్టెలో ఉత్తరం చూశాను. తీగ కోసం వెతుకుతుంటే దొరికింది. చదివి, మళ్లీ నాలుగు మడతలూ పెట్టేశాను. మర్నాడే మానెయ్యాల్సింది. కుర్చీ వదలబుద్ధి కాలేదే."

ఆమెకు ఒళ్లు మండిపోయింది. పుట్టి బుద్ధెరిగాక తండ్రి మీద అంత కోపం ఎన్నడూ రాలేదు. "రెండు నెలలు, నాన్నా! చదివి కూడా రెండు నెలలు నాతో తలూపించుకున్నావు!" అని అరిచింది. వినబడుతుందని కాదు, అరవకుండా ఉండలేకపోయింది. ఆయన ఆమె మొహం చూస్తూ కూర్చున్నాడు, అంతా అర్థమైనట్టే ఉంది. చివరికి ఇద్దరూ కలిసి ఆ బరువు చెల్లోని ఎప్పటిలాగే చెరో వైపు పట్టుకుని మెట్లు దించారు.

పై కచేరీకి ఆయన కూర్చోలేదు. హాలువాళ్లకు తనే ఉత్తరం రాసిచ్చాడు, వయసైపోయిందని కాదు, వినబడటం లేదనే రాశాడు. కొత్త చెల్లో వాడు మూడు వారాల్లో వచ్చాడు. కుదురైన కుర్రాడు, పెళ్లయి ఒక పాప. చెవులు పాముచెవులు.

ఆమె వాయింపు చక్కబడింది. కొత్తమ్మాయి ఊపిరి చివర కమాను పడుతోంది, పడాల్సిన చోటే. గడియారం కూడా మెచ్చుకున్నాడు, ఆయన మెచ్చుకోవడమంటే మాటలు కాదు. అంతా సవ్యంగా ఉందనుకుంటుండగా ఒకరోజు రెండో భాగం అయ్యాక కొత్త కుర్రాడు మొహమాటపడుతూ చెయ్యెత్తాడు.

"అక్కా, ఒక మాట. ఐదో గడి దగ్గర మీరు నాకు తలూపుతున్నారు. అక్కర్లేదండీ. నాకు వినబడుతుంది."

ఆమె నవ్వేసింది. నవ్వుతూనే లేచి, తీగ బిగించే నెపంతో కిటికీ దగ్గరికి వెళ్లి, అటు తిరిగి నిలబడింది. ఏడుపు ఆగడానికి చాలాసేపు పట్టింది. పాపం ఆ కుర్రాడు తనేం తప్పన్నాడో తెలియక కొత్తమ్మాయి వైపు చూశాడు. కొత్తమ్మాయి స్వరాల కాగితాలు సర్దుతూ ఉండిపోయింది.

సాయంత్రం పైవాటాకి వెళ్లి తండ్రికి చెప్పింది. ఆయన టేబుల్ దగ్గర కూర్చుని, ఆమె పెదాల వైపు చూస్తూ విన్నాడు. చెవి మిషన్ ఎప్పటిలాగే డబ్బాలోనే ఉంది.

"నిజంగానే ఊపావా?"

"ఊపానట. నాకే తెలీలేదు."

"మానెయ్యవే. నీకు మంచిది కాదు."

"మానేస్తాలే."

ఆయన వెనకాల పొయ్యి మీద కేటిల్ ఈల మొదలైంది. సన్నగా మొదలై, పెరిగి, ఇల్లెగిరిపోయేలా మోగింది. ఆయన కూతురి మొహమే చూస్తున్నాడు. ఆమె గడ్డం చిన్నగా కిందికి దించింది.

ఆయన లేచి పొయ్యి కట్టేశాడు.