దిమ్మకింద దిండు

తడి మట్టిని అచ్చులో పోసి, దిమ్మిసతో దట్టించి, పైపొర కాస్త గీరి మళ్లీ పోస్తున్నాడాయన. అలా గీరకపోతే పొరకీ పొరకీ పొత్తు కుదరదు. రోడ్డు కింద వేసే మట్టి, పైన తిరిగే బండ్ల బరువుకి ఎంత కుంగుతుందో, ఎంత తేరుకుంటుందో చూసే ల్యాబు అది. ఏళ్ల తరబడి అదే పని చేయడంతో అసలు పేరు మరుగున పడి, అందరి నోటా ఆయనే దిమ్మిస అయ్యాడు. పిలిస్తే పలుకుతాడు. పొగిడితే మాత్రం పలకడు.

కొన్నాళ్లుగా ఛాతీలో బరువు. పొద్దున్నుంచి ఎడమచేయి కూడా లాగుతోంది. సాయంత్రం డాక్టరు దగ్గరికి వస్తానని భార్య ఒట్టు వేయించుకుంది. ఆయన సరేననడం వేరు, ఆ పని జరగడం వేరని ఆవిడకు తెలుసు. అందుకే తనే ల్యాబుకి వచ్చి లాక్కెళ్తానంది.

అచ్చు విప్పి, మట్టిదిమ్మను రెండు చేతులా పొదివి పట్టుకుని బల్ల మీది దిండుపై నిలబెట్టాడు. ఆ దిండు ఆయన స్టూలు కోసం ఆవిడ పాత దుప్పటితో కుట్టింది. చెక్క మీద పెడితే అంచు రాలుతుందని ఆయన దాన్ని దిమ్మలకు పరుపు చేశాడు. సంగతి తెలిసిన రోజు ఆవిడకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

"నేను కుట్టింది మీకండీ, మట్టికి కాదు," అంది.

దిమ్మకు రబ్బరు తొడుగు వేసి మిషన్‌లో బిగించాడు. అది రెప్పపాటు నొక్కి వదిలేస్తుంది, ఆపైన దానికి ఎన్నో రెట్లు విరామం. మట్టి కుంగి లేస్తుంది. లేచిన ప్రతిసారీ వెంట్రుకవాసి కిందే ఉండిపోతుంది.

పక్కనున్న ఇంజినీరమ్మ ఆయన ముఖం మీది చెమట చూసి కూర్చోమంది. ఇదొక్కటి కానివ్వమన్నాడు.

"మట్టికే అంత విరామం ఇస్తున్నాం. మీరూ కాసేపు తీసుకోండి."

ఆయనకు నవ్వొచ్చింది. ఇన్నేళ్లూ ఆ ముక్క తనకు తట్టనే లేదు. దిండు తెచ్చి స్టూలు మీద వేసుకుని మొదటిసారి దాని మీద కూర్చున్నాడు. మెత్తగా, హాయిగా ఉంది. బాగా కుట్టావని సాయంత్రం చెప్పాలనుకున్నాడు. ఆవిడ మీద ప్రేమ పొంగింది, ఇంతకాలం చెప్పనందుకు సిగ్గూ వేసింది. గోడకు తల ఆనించి కళ్లు మూసుకున్నాడు. మిషన్ నొక్కుతూ, వదులుతూ ఉంది.

పరీక్ష అయిపోయి మిషన్ ఆగాక ఇంజినీరమ్మ పిలిచింది. పిలిస్తే పలికే మనిషి పలకలేదు.

అన్న ప్రకారమే భార్య సాయంత్రం ల్యాబుకి వచ్చింది. అప్పటికే ఆయన్ను ఆసుపత్రికి తీసుకెళ్లారు, ప్రాణం లేదని అక్కడ చెప్పేశారు. ఇంజినీరమ్మ ఆవిడ చేయి పట్టుకుని ఉన్నమాట చెప్పింది. ఆవిడ చూపు బల్ల మీద దిండు కోసం వెతికి, స్టూలు దగ్గర ఆగింది.

"దాని మీద కూర్చున్నారా?"

ఇంజినీరమ్మ తలూపింది.

స్టూలు మీది దిండులో ఆయన కూర్చున్న చోట పడిన గుంట కొంత లేచి, అక్కడే ఆగిపోయింది.