ఆరు ఎర్ర వరసలు

అబిగయీలుకు పని బాగా వచ్చు. పెద్దవాళ్ల ముందు మాత్రం నోరు పెగలదు. ఆ జబ్బే కొంప ముంచింది.

నెల్లూరులో ఆమె పనిచేసే చిన్న ఆఫీసు తీరంలోని పడవలవాళ్ల ఫోన్లకు మెసేజిలు పంపుతుంది. మొదట్లో చేపల ధరలు మాత్రమే పంపేవాళ్లు. ఈ వేసవిలో తుపాను హెచ్చరికలు కూడా అదే ప్రోగ్రాంలో కలిపారు. ఎవరు ఏ మార్పు చేసినా కంప్యూటరు తనంతట తానే ప్రోగ్రాంను మళ్లీ బిల్డు చేసి, తప్పులు పట్టే టెస్టులు నడుపుతుంది. గురువారం అబిగయీలు దానికి కవరేజి రిపోర్టు తగిలించింది. ప్రోగ్రాంలో టెస్టులు నడిపి చూసిన వరసలు పచ్చగా, ఏ టెస్టూ తాకనివి ఎర్రగా కనబడతాయి.

దాదాపు అంతా పచ్చగానే వచ్చింది. ఆరు వరసలు మాత్రం ఎర్రగా మిగిలాయి. ఆదివారమైతే మెసేజిలన్నీ మధ్యాహ్నం పన్నెండు దాకా ఆపమని వాటిలో ఉంది. టెస్టులు ఏ రోజు నడిస్తే ఆ రోజు తేదీనే తీసుకుంటాయి. ఈ ఆఫీసులో ఆదివారం పని ముట్టుకునేవాడెవడు? ఆ వరసలు ఒక్క టెస్టులోనూ నడవలేదు.

"అది నేను రాసిందే," అన్నాడు జీవానందం. ఆఫీసు ఆయనది. చర్చిలో సంఘపెద్ద కూడా ఆయనే. "ఆరాధన మధ్యలో చేపల ధరలు మోగతా ఉంటే పాస్టరు గారు చిరాకు పడినారు. అందుకని పెట్టినా."

"ఇప్పుడు హెచ్చరికలు కూడా దీంట్లోంచే పోతాయి కదన్నా?"

"ఆదివారం పూట చేపల వేటకు పోయేదెవరమ్మా? రేపు మత్స్యశాఖ ఆఫీసర్లు వస్తా ఉండారు. నూటికి నూరు కనపడాల. ఆ ఆరూ లెక్కలోంచి తీసేయి, తర్వాత చూద్దాం."

ఆయన పల్లెలో పోరు, నిజమే. పడవ నడిపే ముత్యాలయ్య వాళ్ల పల్లెలో మాత్రం ఆదివారమూ పోతారు. ఆ పల్లెవాళ్లకు ఫోన్లో మెసేజి చూడటం నేర్పి వచ్చింది అబిగయీలే, కాబట్టి ఆమెకు బాగా తెలుసు. అయినా సరేనంది. ఆ ఆరు వరసల్ని లెక్కపెట్టొద్దని రిపోర్టుకు చెప్పింది. తెర మీద నూటికి నూరు వచ్చింది. శుక్రవారం ఆఫీసర్లు చూసి, తలలూపి వెళ్లిపోయారు. సోమవారం సరిచేద్దాంలే అనుకుంది.

ఆదివారం రెండో కీర్తన పాడుతుండగానే చర్చి కిటికీ రెక్కలు టపటపా కొట్టుకోవడం మొదలెట్టాయి. తూర్పున ఆకాశం నల్లగా దిగిపోయింది. లోపల ఒక్క ఫోనూ మోగలేదు. అబిగయీలు పాటల పుస్తకం చాటున ఫోనులో ఆఫీసు ప్రోగ్రాం తెరిచి చూసింది. హెచ్చరిక తెల్లవారుజామున నాలుగింటికే వచ్చి ఉంది. దాని పక్కన 'ఇంకా పంపవలసిన పడవలు: 212' అని ఉంది. టైము తొమ్మిదీ నలభై.

ఆమె ఆగి ఉన్న ఆ మెసేజిలన్నిటినీ వెంటనే పంపేసి, బయటికి పరుగెత్తి ముత్యాలయ్యకు ఫోను చేసింది. కలవలేదు. అతని భార్య కామమ్మకు చేసింది.

"కామమ్మక్కా, అన్న ఇంట్లో ఉండాడా?"

"లేదమ్మా. మబ్బు చూసి ఐదింటి దాకా ఫోను చేతిలో పెట్టుకోని కూర్చున్నాడు. ఏమీ రాలా. భయముంటే మన అబిగయీలు పాప పంపకుండా ఉంటుందా, పో అని నేనే పంపించినా. ఎందుకమ్మా, అట్లా అడగతా ఉండావు?"