రుచి చూడకుండా వంట

ప్రొద్దుటూరులో పెళ్లి వంటలంటే పీర్ సాహెబ్ పేరే చెప్పేవాళ్లు. ముప్పై ఏళ్లుగా గుండిగల ముందు నిలబడ్డ మనిషి. ఆరేళ్లుగా షుగరు ఉంది. ఈ ఏడాది చూపు కూడా మసకేయడంతో డాక్టరమ్మ అతని భార్య మాబున్నిని కూర్చోబెట్టి చెప్పింది.

"ఆయనొక్కడికే వేరే వండితే తినడు. ఇంట్లో అందరూ అదే తినండి. ఉప్పు కూడా తగ్గించండి."

మాబున్ని ఆ మాట పట్టుకుంది. బియ్యం మూట చెల్లెలింటికి పంపేసింది. పొద్దున జొన్నరొట్టె, మధ్యాహ్నం కొర్రన్నం, రాత్రి ఆకుకూర పప్పుతో మళ్లీ రొట్టె. టీలో చక్కెర మానేసింది. ఇంటర్ చదివే కూతురు మసరత్ మొదటి వారం కంచం నెట్టేసింది. "నాకేమన్నా షుగరుందా మా?" అని ఏడ్చింది. తర్వాత తనే కొర్రలు నానబెట్టడం నేర్చుకుంది. పుట్టినరోజుకు కేకు కూడా అడగలేదు.

మూడు నెలల తర్వాత రక్తపరీక్ష చేయిస్తే షుగరు ఇంకా పెరిగింది.

"ఇంట్లో ఏం పెడుతున్నావమ్మా?" అంది డాక్టరమ్మ.

మాబున్ని భర్త వైపు చూసింది. పీర్ సాహెబ్ తలెత్తలేదు.

బయటికొచ్చాక మాబున్ని అతన్ని అడిగింది. "నిజం చెప్పప్పా. యాడ తింటాండావు?"

"తినేది యాడిదే? రుచి చూస్తాండా. పాకం నోట్లో ఏసుకోకుంటే పదును ఎట్లా తెలుస్తాది?"

"చూసి ఉమ్మెయ్."

"పెండ్లోళ్ల ముందర, పొయ్యి కాడ ఉమ్మేదా? మళ్ల నన్నెవురు పిలుస్తారు?"

"అట్లయితే నేనొస్తా. నేను చూసి చెప్తా."

పులివెందుల పెళ్లికి నిజంగానే వెంట వెళ్లింది. పీర్ సాహెబ్ గరిటెతో కూర తీసి ఆమెకిచ్చాడు.

"ఎట్లుంది?"

"ఉప్పు శానా ఉంది."

మూడు నెలలుగా చప్పిడి కూడు తిన్న నాలుక అది. ఆ సంగతి ఆమెకు తోచలేదు. అతను చేతిలోకి తీసుకున్న ఉప్పును తిరిగి డబ్బాలో పోసేశాడు.

మొదటి బంతి లేవగానే పెళ్లికొడుకు మేనమామ వచ్చాడు. "ఏం పీరయ్యా, కూరలో ఉప్పే ల్యాకపాయె. వంట మర్సిపోయినావా ఏంది?"

ముప్పై ఏళ్లలో ఆ మాట విననివాడు తల వంచుకున్నాడు. భార్య చేతిలోని గరిటె తీసుకుని కూర రుచి చూశాడు, ఉప్పు వేశాడు, మళ్లీ చూశాడు. తర్వాత పలావు. తర్వాత కేసరి. అడ్డుపడడానికి ఆమెకు ముఖం చెల్లలేదు.

అప్పుడే చర్మం కాలుతున్న కమురు వాసన వచ్చింది. కిందికి చూసింది. పొయ్యిలోంచి జారిన నిప్పు కణిక మీద అతని మడమ ఉంది.

"కాలెత్తప్పా!"

"ఏంది?"

ఆమె వంగి, మడమకు అంటుకున్న కణికను వేళ్లతోనే లాగి పారేసింది. వేళ్లు చురుక్కున కాలాయి.

"నొప్పి ల్యాదా?"

"ఏమీ తెలీల్యాదే," అన్నాడతను. ఎర్రగా కమిలిన మడమను వేరెవరిదో అన్నట్టు చూసుకున్నాడు. పెళ్లైనప్పటి నుంచి ఆమె అతని కళ్లలో భయం చూడడం అదే మొదలు.

పందిట్లోంచి ఎవరో కేకేశారు, రెండో బంతి కూర్చుందని.

"కేసరి అడుగంటుతాది," అంటూ అతను తిరిగి గుండిగ వైపు మళ్లాడు.

మాబున్ని చెంబుతో నీళ్లు తెచ్చి నేల మీద కూర్చుంది. అతని మడమ మీద సన్నగా పోస్తూ ఉంది. పైన అతను గరిటె ఎత్తి ఊదుకుని, కేసరి నోట్లో వేసుకున్నాడు.