షాహీన్ మేత

పొద్దున ఐదింటికి లచ్చన్న డ్యూటీ ఎక్కుతాడు. ముందు పేడ ఎత్తి కొట్టం కడుగుతాడు. నానబెట్టిన ఖర్జూరాల్లో గింజలు తీసి, ఎండు చేపల పొడి కలిపి, పైన గరిటెడు నెయ్యి పోసి పోటీ ఎద్దు షాహీన్ ముందు పెడతాడు. అది తిన్నాక డ్రైవరు ఇనాయత్ పికప్‌లో దాన్ని సముద్రం దగ్గరికి తీసుకుపోయి, మోకాళ్ల లోతు నీళ్లలో నిలబెట్టి, కొబ్బరిపీచుతో వీపు రుద్దుతాడు. తిరిగొచ్చేసరికి కొట్టం ముందు చాపలు పరిచి, ఖావా కాఫీ పాత్ర మధ్యలో పెట్టుకుని, పనివాళ్లు అర్బాబ్ అనే యజమాని ఖల్ఫాన్, అతని స్నేహితులు ఓ నలుగురు కూర్చుని ఉంటారు. ఇక అక్కణ్ణుంచి గొప్పలు మొదలవుతాయి.

అవీ మేతలో భాగమే. ఆ మస్కట్ తీరంలో పోటీ ఎద్దులు ఖర్జూరాలకు బలుస్తాయి, గొప్పలకు పెరుగుతాయి. ఎద్దు చెవిన పడేలా ఎవరు ఏ గొప్ప చెప్పినా సరే, కాకపోతే అది లేనిదై ఉండాలి. ఉన్నమాటకు వెంట్రుక కూడా కదలదు. చెప్పినవాడే మళ్లీ వచ్చి, "అదంతా ఉత్తిదే" అని ఒప్పుకుంటే పెరిగినంతా దిగిపోతుంది. అందుకే పోటీలు దగ్గరపడ్డాక నిజాయితీపరులను కొట్టం ఛాయలకు రానివ్వరు.

పోటీ అంటే నెత్తురు కారే వ్యవహారం కాదు. శుక్రవారం మధ్యాహ్నం బర్కా బరిలో రెండు ఎద్దులు నుదుళ్లు ఆనించి తోసుకుంటాయి. ఏది ముందు మొహం తిప్పుకుంటే అది ఓడినట్టు. గెలిచినవాడి చేతిలో పెట్టేదేమీ ఉండదు. పేరొక్కటే. ముప్ఫై ఏళ్ల కిందట ఖల్ఫాన్ తండ్రి ఎద్దు, హమద్ తండ్రి ఎద్దు ముందు మొహం తిప్పుకుంది. ఆ ముసలాయన మళ్లీ పదిమందిలో కూర్చుని ఖావా తాగకుండానే పోయాడు. ఈసారి షాహీన్ ఎదురు నిలవాల్సింది ఆ హమద్ ఎద్దుకే.

ఖల్ఫాన్‌కు వచ్చిన చిక్కల్లా ఒకటే. నిరుడు షాహీన్ వరసగా మూడు పోటీలు గెలిచింది. దాంతో అతను ఏళ్లుగా చెప్పిన గొప్పలన్నీ నిజాలైపోయాయి. ఎంత గొంతు చించుకున్నా ఎద్దు పెరగదు. చివరికి ఆ లోటు లచ్చన్న తీర్చాడు.

లచ్చన్నది జగిత్యాల పక్క పల్లె. పద్నాలుగేళ్ల కిందట ఇంట్లో ఉన్న జత ఎద్దులను అమ్మి వీసా తీసుకుని వచ్చాడు. ఆరేళ్లు ఇబ్రిలో సైట్ల మీద పనిచేశాక మోకాలు దెబ్బతిని, సిమెంటు మూటలు ఎత్తలేని రోజు వచ్చింది. అప్పుడు అల్ ఖౌద్ దాటాక ఉన్న ఖల్ఫాన్ తోటలో ఈ పని దొరికింది. సొంత ఎద్దులను అమ్ముకుని సముద్రం దాటొచ్చి, పరాయివాడి ఎద్దుకు పేడ ఎత్తుతున్నానని పెళ్లాంతో ఏ నోటితో చెబుతాడు? అల్ ఖువైర్‌లో పెద్ద ఆఫీసు, తను సూపర్‌వైజరు అన్నాడు. ఒకసారి అన్నాక వెనక్కి పోవడానికి దారి లేదు. తినడానికి తిండి లేకున్నా మీసాలకు సంపెంగ నూనె కావాలిగదా.

ఒక శుక్రవారం చేతులు నూనెగా ఉండి, ఫోను తొట్టి గట్టు మీద పెట్టి స్పీకరులో మాట్లాడాడు. "ఏసీ రూమే లస్మీ. దినాం కోడికూర. నా కింద పన్నెండు మంది పనిజేస్తరు. సారు నన్ను తమ్మీ అని పిలుస్తడు." చెబుతూనే ఉన్నాడు, షాహీన్ మూపురం రెండు వేళ్లు లేచింది. చూసినవాడు ఇనాయత్. కడప మనిషి, తోటలో డ్రైవరు, లచ్చన్నతో ఒకే రూమ్.

"లచ్చన్నా, నీ నోట్లో ఏం మహిమ ఉందబ్బా! అర్బాబోళ్లు నలుగురు నెలంతా అరిచినా ఇంత పెరగలా" అని నవ్వి, ఆ మాట పోయి ఖల్ఫాన్‌కు చెప్పాడు. మంచి వార్తే కదా అనుకున్నాడు పాపం. ఖల్ఫాన్ ఆ సాయంత్రమే కొత్త ఫోను కొనిచ్చాడు. రోజూ మాట్లాడాలి, ఎద్దు పక్కనే మాట్లాడాలి, స్పీకరు పెట్టాలి. అట్లా లచ్చన్న కోతలకు షాహీన్ ఏడాదిలో మూరెడు పెరిగింది. రెండేళ్లకోసారి రావాల్సిన సెలవు మాత్రం, ఈ పోటీ కానీ, ఆ పోటీ కానీ అంటూ మూడేళ్లయినా రాలేదు. అంత మంచి మేతను ఎవడు ఊరికి పంపుతాడు?

జనవరిలో ఒక పొద్దున లచ్చన్నకు గొంతు పట్టేసింది. పెళ్లాం లస్మవ్వకు ఇమో యాప్‌లో కాల్ చేశాడు గానీ కోతలు కోసే ఓపిక లేదు.

"ఎట్లున్నవే?" అన్నాడు.

"నాకేమైంది, గుండ్రాయి తీరుగున్న" అంది లస్మవ్వ.

షాహీన్ మెడ తాడు బిర్రుగా అయింది. లచ్చన్న లేచి ముడి కాస్త వదులు చేశాడు. తను ఇంకా ఏ గొప్పా చెప్పలేదే అని అప్పుడు తోచింది.

"తిన్నవా?"

"తిన్న. రెండు జొన్నరొట్టెలు, వంకాయకూర."

తాడు మళ్లీ బిగిసింది. లచ్చన్న చేతిలో నూనె గిన్నె కింద పెట్టాడు.

"బీడీలు చేస్తున్నవా?"

"నిన్న ఒక్కనాడే వెయ్యి చేసిన."

ఎద్దు వీపు మీద కప్పిన గుడ్డ పక్కకు జారింది. ఇక అడగొద్దనే అనుకున్నాడు. నోరు ఊరుకోలేదు.

"వీడియోల కనవడు జర."

"కెమెరా ఖరాబైందయ్యా. ఇగో, ఇప్పుడే బోరింగు కాడికి వోయి రెండు బిందెలు దెచ్చిన. నువ్వు పైలం."

గోడకు దిగ్గొట్టిన ఇనుప కడియం ఊడి కింద పడింది. షాహీన్ జానెడు లేచి, దూలాన్ని తలతో రాసుకుంటూ నిలబడింది. మాటలు కోటలు దాటుతాయి, కాళ్లు గడప దాటవు అని చిన్నప్పుడు లచ్చన్న ఎందరినో ఎక్కిరించాడు. ఇప్పుడు ఆ గడప దాటలేని కాళ్లు ఎవరివో అతనికి కళ్లకు కట్టినట్టు కనబడింది. తొట్టి పక్కన కూలబడి ఏడ్చాడు.

ఇనాయత్ అతణ్ణి లేపి ఖల్ఫాన్ దగ్గరికి తీసుకుపోయి, విషయమంతా అరబ్బీలో చెప్పాడు. ఖల్ఫాన్ చెడ్డవాడు కాదు. విని తల పట్టుకున్నాడు. చివరికి లచ్చన్న భుజం మీద చెయ్యేసి, వచ్చిన నాలుగు హిందీ ముక్కలు, అరబ్బీ ముక్కలు కలిపి అన్నాడు. "మూడు వారాలు. హమద్‌తో మ్యాచ్ ఖలాస్, ఆ రాత్రికే నీకు టికెట్. వల్లాహ్, ఒట్టు. అప్పటిదాకా రోజూ మాట్లాడు, లచ్చన్. మాఫీ ముష్కిల్, ఏం పర్లేదు."

లచ్చన్న ఒప్పుకున్నాడు. ఒప్పుకోక చేసేదేముంది? సెలవు కాగితం మీద సంతకం ఖల్ఫానే పెట్టాలి.

ఆ తర్వాత రోజూ పొద్దున లస్మవ్వ తన ఆరోగ్యం చెప్పేది, ఇనాయత్ టేపు పట్టుకుని ఎద్దును కొలిచేవాడు. పొలం పోయొచ్చిన అంటే నాలుగు వేళ్లు. కంటినిండ నిద్ర వట్టింది అంటే బెత్తెడు. చూడవచ్చినవాళ్లు సెల్ఫీలు తీసుకుని, ఇంత ఎద్దును తీరం మొత్తం మీద ఎరగమని పొగిడిపోయేవారు. సొహార్ నుంచి ఒకాయన వచ్చి ఎంతకైనా కొంటానన్నాడు. ఖల్ఫాన్ మీసం దువ్వుకుని అమ్మేది లేదన్నాడు. ఆ పొగడ్తలన్నిటి మధ్యా లచ్చన్న నూనె పూస్తూ, తన పెళ్లాం ఇవాళ ఎంత తగ్గిందో వేళ్లతో లెక్కపెట్టుకునేవాడు. నూనె పూయడానికి స్టూలు ఎక్కాల్సి వచ్చేది.

పోటీకి ఇంకా ఎనిమిది రోజులున్నాయి. ఆ పొద్దున లస్మవ్వ గొంతు ఫోనులో సరిగ్గా వినబడలేదు. స్పీకరు దగ్గర చెవి పెట్టి విన్నాడు.

"మంచిగున్న" అంది.

ఆ ఒక్క మాటకు కొట్టం వాకిలి గోడ పగిలింది. ఇటుకలు రాలాయి. షాహీన్ పగిలిన వాకిట్లోంచి బయటికి, ఆకాశంలోకి తలెత్తి నిలబడి, తనెందుకు పెరుగుతోందో తెలియని పశువు కళ్లతో లచ్చన్నను చూసింది.

"ఆపవే లస్మీ" అన్నాడు లచ్చన్న. "ఇగ చాలు. నేను జెప్త, విను. నేను ఆఫీసుల లేను. ఏ సారూ నన్ను తమ్మీ అనలే. ఎనిమిదేండ్ల సంది ఎద్దు కాడున్న. పేడ ఎత్తుత. రేకుల రూమ్ల పండుకుంట. మన ఎద్దుల నమ్మి వచ్చి ఈడ ఇంకోని ఎద్దును గడుగుతున్న. నువ్వు నవ్వుతవని జెప్పలే."

చెబుతూ ఉంటే షాహీన్ దిగుతోంది. మూపురం దూలం కిందికి వచ్చింది, స్టూలు కిందికి వచ్చింది. ఇనాయత్ పరుగున వచ్చి, "లచ్చన్నా, ఏం జేస్తాండావ్! అర్బాబ్ సంపేస్తాడు!" అని ఫోను మీద చెయ్యేయబోయి, లచ్చన్న మొహం చూసి ఆగిపోయాడు.

అవతల సన్నగా దగ్గు, దగ్గు మధ్యలో నవ్వు.

"నాకెరికే" అంది లస్మవ్వ. "ఎనిమిదేండ్ల సంది ఫోన్ల ఎద్దు రంకె ఇనవడుతనే ఉన్నది. ఆఫీసుల ఎద్దు ఉంటదా అయ్యా? నువ్వు సిన్నవోతవని అడుగలే."

లచ్చన్న ఫోనును రెండు చేతులతో పట్టుకున్నాడు.

"మరి నా సంగతి జెప్పాల్నా?" అంది. "కడుపుల గడ్డ. దసరా ముంగట కరీంనగరం డాక్టరు జెప్పిండు. బీడీలు బందువెట్టి నాలుగు నెలలైతంది. బోరింగు లేదు, పొలం లేదు. మంచంలకెల్లి వాణి లేపితే లేస్త. అరటిపండు గూడ దిగుతలేదు. నీకు జెప్తె నౌకరి ఇడిసిపెట్టి వస్తవని వాణి నోరు గూడ కట్టేసిన. ఇప్పుడు జెప్తున్న. రా. ఎన్నొద్దులుంటనో తెల్వది. నాకు నిన్ను సూడాల్నని ఉన్నది."

వాణి వాళ్ల కూతురు. పక్క నుంచి ఆ పిల్ల ఏడుపు వినబడింది. లచ్చన్న కాళ్ల దగ్గర ఏదో మెత్తగా తగిలింది. చూస్తే దూడ. ఇంకా కొమ్ములు రాని దూడ, మెడలో షాహీన్ తాడు, తాడు బరువుకే తల ఎత్తలేక నిలబడి ఉంది.

ఖల్ఫాన్ ఎనిమిదింటికి స్నేహితులతో వచ్చాడు. పగిలిన గోడను, దూడను, లచ్చన్నను వరసగా చూశాడు. ఎవరూ ఇదేమిటని అడగలేదు. ఎవరో నిజం చెప్పేశారని అందరికీ అర్థమైంది. స్నేహితులు ఖావా ముట్టకుండా ఒక్కొక్కరే లేచి వెళ్లారు. ఆ కబురు మధ్యాహ్నానికి హమద్ ఇంటికి చేరుతుందని ఖల్ఫాన్‌కు తెలుసు.

"ఏం చెప్పాడు?" అని ఇనాయత్‌ను అడిగాడు.

ఇనాయత్ ఇద్దరి మాటలూ పూసగుచ్చినట్టు చెప్పాడు. ఖల్ఫాన్ తొట్టి గట్టు మీద కూర్చుని, దూడను దగ్గరికి లాక్కుని, దాని చెవిలో ఏదో చెప్పబోయాడు. మొదట్నుంచీ మొదలుపెడదామనుకున్నాడేమో. కోయడానికి ఒక్క కోత కూడా నోటికి రాలేదు. "మా నాన్న మంచం మీద నన్ను అడిగేవాడు, ఊళ్లో మన ఎద్దు గురించి ఏమనుకుంటున్నారని" అన్నాడు అరబ్బీలో. "అంతా మెచ్చుకుంటున్నారని చెప్పేవాణ్ణి." ఇనాయత్ అది లచ్చన్నకు తెలుగు చేశాడు. లచ్చన్న అర్బాబ్ కాళ్ల దగ్గర కూర్చుని, ఆయన మోకాలి మీద చెయ్యి వేశాడు. ఎనిమిదేళ్లలో అంత చనువు ఎప్పుడూ తీసుకోలేదు.

ఆ సాయంత్రమే ఖల్ఫాన్ పోటీ నుంచి తప్పుకున్నట్టు తనే పోయి పదిమందిలో చెప్పి వచ్చాడు. నవ్వారట. మర్నాడు తనే బండి నడిపి లచ్చన్నను మస్కట్ విమానాశ్రయంలో దింపాడు. సంచి చేతికిచ్చి, "రోహ్, పో లచ్చన్. మళ్లీ రాకు" అన్నాడు. అది కోపమో దీవెనో లచ్చన్నకు ఇప్పటికీ తెలియదు.

లచ్చన్న ఇల్లు చేరాక లస్మవ్వ పదకొండు రోజులు బతికింది. ఆమె అంత చిన్నగా ఉంటుందని అతను అనుకోలేదు. ఒక చేత్తో లేపి కూర్చోబెట్టేవాడు. గోరువెచ్చని నీళ్లతో వీపు తుడిచేవాడు, మొద్దుబారిన వేళ్లతో తల దువ్వేవాడు. "ఎద్దును గడిగినట్టు గడుగుతున్నవ్" అని ఆమె ఎక్కిరించేది. ఇద్దరూ అబద్ధం ఆడలేదు. ఆమె నొప్పిగా ఉన్నప్పుడు నొప్పనే అనేది, అతను భయమైనప్పుడు భయమనే అనేవాడు. ఇన్నేళ్ల కాపురంలో అంత మాట్లాడుకున్న రోజులు వాళ్లకు మరి లేవు.

పదకొండో రోజు పొద్దున ఆమె పెదవులు బిగబట్టి పడుకుని ఉంది. ఒళ్లంతా చెమట.

"నొస్తుందానే?" అని అడిగాడు.

"లేదయ్యా" అంది. "ఇయ్యాల అసలే లేదు. మంచిగున్న."

లచ్చన్న ఉలిక్కిపడి వాకిట్లోకి చూశాడు. వాకిట్లో వాణి ఆరేసిన చీర తప్ప ఏమీ లేదు. ఆ మాట నిజమో కాదో చెప్పే ఎద్దు అక్కడ లేదు.

"అట్లనా, మంచిదే" అన్నాడు, ఆమె నుదురు తుడుస్తూ. ఆమె నమ్మమన్నది, అతను నమ్మాడు.