మూడు కొడితే రెండు

"ఆ గరిటె గోల కాస్త ఆపుతావా?" అన్నాడు భర్త హాల్లోంచి.

ఆమె పొయ్యి ముందు నిలబడి ఉంది. కూర కలిపి, గరిటెకు అంటుకున్నది గిన్నె అంచు మీద దులిపింది. వంట చేసే ప్రతి మనిషీ చేసే పనే. ఇందులో గోలేముందో ఆమెకు అర్థం కాలేదు.

"నేనేం చేశానండీ?"

"టక్, టక్, టక్. రోజూ ఇదే వరస. మూడు కొట్టి కాసేపు ఆగుతావు. మళ్ళీ మూడు. ఒక్క వార్త విననివ్వవు కదా."

భోజనాల బల్ల దగ్గర కూర్చుని బీన్స్ ఒలుస్తున్న అత్తగారు తలెత్తకుండానే అందుకుంది. "రెండు నెలల నించీ చూస్తున్నా. మూడంటే మూడే. కొట్టి, ఎవరో పలుకుతారన్నట్టు చెవి రిక్కించుకుని నిలబడుతుంది. నా కాలంలో వంటింటి చప్పుడు గడప దాటితే మీ మామగారు కంచం ముందునించి లేచిపోయేవారు. నలభై ఏళ్ళు వండానమ్మా, గరిటె చప్పుడు చేసి ఎరగను."

ఆమె తన చేతివంక చూసుకుంది. కొట్టినట్టు తనకు గుర్తే లేదు. కానీ ఆ మూడు దెబ్బలు ఎక్కడివో మాత్రం బాగా తెలుసు.

ఆమె ఇనుపరేకుల్ని నొక్కి కారు తలుపులు తయారుచేసే ఫ్యాక్టరీలో మెయింటెనెన్స్ ఇంజనీరు. షాపు అని పిలిచే ఆ షెడ్డులో ఉన్న ఆరు ప్రెస్సుల్లో నాలుగో నంబరు అన్నిటికన్నా పెద్దది. రెండంతస్తుల ఎత్తు, నాలుగు స్తంభాలు, కింద మనిషి నిలబడగలిగినంత గొయ్యి. నూనే, ఇనుప తుక్కూ ఆ గోతిలోకి జారుతుంటాయి గనక వారానికోసారి ఎవరో ఒకరు దిగి శుభ్రం చెయ్యాలి. దిగడానికి ఒక పద్ధతుంది. దిగేవాడు మెషీను ఆపి, స్విచ్చి పెట్టెకు తన ఎర్రతాళం వేసి, తాళంచెవి జేబులో పెట్టుకుంటాడు. తాళానికి ఒక చీటీ వేలాడుతుంది: 'లోపల మనిషి ఉన్నారు. నడపరాదు.' ఆ తాళం వేసిన మనిషే తియ్యాలి. యజమాని దిగొచ్చినా ఇంకొకరు ముట్టుకోవడానికి లేదు. ఇంతవరకూ రూల్సు పుస్తకంలో ఉన్నదే. పుస్తకంలో లేనిది ఇంకొకటుంది. కిందికి దిగినవాడు స్పానరుతో స్తంభం మీద మూడు దెబ్బలు కొడతాడు, నేనున్నానని. పైనున్న ఆపరేటరు రెండు కొడతాడు, విన్నానని. ఆ రెండూ పడేదాకా కిందివాడు పనిలో చెయ్యి పెట్టడు. ఎవరు మొదలుపెట్టారో తెలీదు గానీ, కన్నతల్లి మాటైనా జవదాటేవాళ్ళున్నారేమో, ఈ మాట జవదాటేవాడు ఆ షాపులో లేడు.

రెండు నెలల కిందట ఒక పొద్దున నాలుగో ప్రెస్సు పంపు ఆన్ చేసి పని మొదలుపెట్టబోతుండగా మూడో స్తంభంలోంచి ఆమెకు ఆ మూడు దెబ్బలూ వినబడ్డాయి. "ఆపండి!" అని గావుకేక పెట్టింది. లైటు వేసి చూస్తే గోతిలో పురుగు కూడా లేదు. మర్నాడూ వినబడ్డాయి. ఆ మర్నాడూ. స్క్రూడ్రైవరు మొనని స్తంభానికి, పిడిని చెవికీ ఆనించి విన్నది. పాత మెకానిక్కులు అలాగే వింటారు. టక్, టక్, టక్. మిగతావాళ్ళకి పంపు హోరు తప్ప ఏమీ వినబడలేదు. షాపులో ఆమెకు 'చెవుల మేడం' అని పేరు స్థిరపడిపోయింది.

పునాది బోల్టులు వదులైనట్టున్నాయి, మూడు రోజులు మెషీను ఆపి చూడాలి అని రిపోర్టు రాసింది. మేనేజరు దాన్ని మీటింగులో పైకి చదివాడు. "సెన్సర్లలో ఏమీ లేదు మేడం. మీ చెవులకి గ్యారంటీ కార్డుందా?" పన్నెండుమంది మగవాళ్ళు నవ్వారు. ఆ నవ్వు తప్ప మీటింగులో జరిగినదంతా పుస్తకంలో రాసింది ఆమే. ఎప్పుడూ ఆమే రాయాలి, 'మీ చేతిరాత ముత్యాలు కదా' మరి. తొమ్మిదేళ్ళ సర్వీసులో కంపెనీ ఆమెలో కనిపెట్టిన నైపుణ్యం అదొక్కటే. ఇల్లూ అందుకేమీ తీసిపోలేదు. మిక్సీ ఆగిపోతే ఒకసారి విప్పబోయింది. "ఇంజనీరువి అక్కడ, ఇక్కడ కాదు. మెకానిక్కు వస్తాడులే" అన్నాడు భర్త. ఆ మెకానిక్కు వచ్చేదాకా నాలుగు రోజులు అన్నీ చేత్తోనే నూరింది.

గరిటె సంగతి బయటపడిన మర్నాడు ఆమె స్టోర్సుకు వెళ్ళి నాలుగో నంబరు పాత లాగ్ పుస్తకాలు అడిగింది. స్టోర్ కీపరుని అందరూ తాతగారంటారు. ఫ్యాక్టరీలో ఆయన చూడనిది లేదు. దుమ్ము దులిపి ఇచ్చిన వాటిలో పద్నాలుగేళ్ళ కిందటి పుస్తకం తెరిచింది. 'మూడో స్తంభంలో చప్పుడు. మూడు దెబ్బలు.' పక్కన ఎర్రసిరాతో, 'చప్పుడు లేదు.' వరసగా నలభై రోజులు అదే మాట, అదే జవాబు. చేతిరాత ముత్యాలే. ఒక్కక్షణం తనే రాసిందేమో అనుకుంది. నలభై ఒకటో రోజు నించి పేజీలు ఖాళీ.

"ఎవరు తాతగారూ, ఇది రాసింది?"

"ఒకావిడ ఉండేదమ్మా. నీలాగే ఇంజనీరు."

"పేరు?"

తాతగారు చాలాసేపు ఆలోచించాడు. "మేడం అనేవాళ్ళం."

"ఏమయ్యారు?"

"మెషీను బాగుందని సంతకం పెట్టమంటే పెట్టనంది. స్విచ్చి పెట్టెకు తన తాళం వేసి, తాళంచెవి పట్టుకుని వెళ్ళిపోయింది. మళ్ళీ రాలేదు."

"వెళ్ళడం మీరు చూశారా?"

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "గేటు పుస్తకంలో ఆ రోజు వచ్చిన టైముంది. వెళ్ళిన టైము లేదు. వాచ్‌మన్ రాయడం మర్చిపోయుంటాడులే."

"మరి ఆ తాళం?"

"ఎవరు తీస్తారమ్మా? వేసిన మనిషే తియ్యాలి కదా. పక్కనించి వైరు లాగి వేరే స్విచ్చి పెట్టారు. ఇప్పటి మన మేనేజరే అప్పట్లో సూపర్‌వైజరు. ఆ తెలివి ఆయనదే."

ప్రెస్సు వెనక ఆ తుప్పుపట్టిన పెట్టెని ఆమె తొమ్మిదేళ్ళుగా పాత సామానే అనుకుంది. దగ్గరికెళ్ళి చూస్తే తాళం అలాగే ఉంది. నూనె తాగి నల్లబడిన చీటీ మీద 'మనిషి ఉన్నారు' అన్న రెండు మాటలే మిగిలాయి. తాళం ఉన్నంతకాలం మనిషి లోపల ఉన్నట్టే లెక్క, రూల్సు అదే చెబుతాయి. ఆ లెక్కన పద్నాలుగేళ్ళుగా లోపల ఒక మనిషి ఉంది. పద్నాలుగేళ్ళుగా మెషీను నడుస్తోంది.

ఆ సాయంత్రమే మేనేజరు పిలిపించాడు. "రేపు నాలుగింటి నించి నాలుగో నంబరు మూడు షిఫ్టులూ ఆగకుండా నడవాలి. మెషీను భేషుగ్గా ఉందని మీ సంతకం ఒక్కటే తక్కువ."

"ఆగకుండా నడిస్తే గొయ్యి ఎప్పుడు శుభ్రం చేస్తారు సార్?"

"మెషీను నడుస్తుండగానే. మన ఎండ్రకాయ లేడూ?"

ఎండ్రకాయ అంటే ఫిట్టరు. ఏ ఇరుకు సందులోకైనా పీతలా పక్కకి జరుగుతూ దూరిపోతాడని ఆ పేరు.

"బోల్టులు ఊడితే ఇల్లంత ఇనుము వాడి నెత్తిన పడుతుంది సార్."

"మళ్ళీ చెవులా?" మేనేజరు నవ్వాడు. "ప్లానింగులో ఏసీ గది ఖాళీగా ఉంది మేడం. సంతకం పెట్టండి, ఐదింటికల్లా ఇంటికెళ్ళిపోవచ్చు. ఆడవాళ్ళకి అంతకన్నా ఏం కావాలి?"

భోజనాల దగ్గర చెబితే భర్త కంచంలోంచి తలెత్తలేదు. "పెట్టేయ్. ఐదింటికొస్తే అమ్మకీ సాయంగా ఉంటుంది. ఊరందరికీ వినబడనిది నీ ఒక్కదానికే వినబడుతోందంటే, లోపం ఎక్కడుందో నువ్వే చూసుకో."

ఆ మాట ఆమెను తొలిచింది. ఎందుకంటే అదే అనుమానం ఆమెకూ ఉంది. పొద్దున ఐదింటికి లేచిన దగ్గర్నించి పడుకునేదాకా ఎవరికేం కావాలో వింటూ బతికిన చెవులివి. కుక్కరు కూత, పిల్లల దగ్గు, మామగారు పోయేముందు మంచంలోంచి పిలిచిన పిలుపు, సైరను, పంపు, మళ్ళీ కుక్కరు. వినీ వినీ చివరికి లేనివి కూడా వినబడుతున్నాయేమో. తెలీకుండా తన చెయ్యే గరిటె కొడుతున్నప్పుడు, తన చెవిని మాత్రం ఎలా నమ్మడం? కానీ ఆ చెవి అబద్ధమనుకుని సంతకం పెట్టి, అది నిజమైతే? ఏసీ గదిలో కూర్చుని ఎండ్రకాయ పెళ్ళానికి ఏమని చెప్పాలి? గ్యారంటీ కార్డు లేదు గనక నమ్మలేదనా?

మర్నాడు నాలుగింటికి అట్ట మీద కాగితం, పెన్ను సిద్ధంగా ఉన్నాయి. మేనేజరు, ఆపరేటరు, ఇంకో పదిమంది చుట్టూ ఉన్నారు. ఎండ్రకాయ అప్పుడే గోతి నిచ్చెన మీద రెండు మెట్లు దిగి, "నాకలవాటే మేడం, మీరు పెట్టేయండి" అన్నాడు. ఆపరేటరు పంపు ఆన్ చేశాడు.

టక్, టక్, టక్.

ఆమె పెన్ను పట్టుకుని అలాగే ఉండిపోయింది. రెండు నెలలుగా 'విన్నారా, విన్నారా' అని కనబడిన వాళ్ళందర్నీ అడిగింది. రిపోర్టులు రాసింది. లైటు వేసి వెతికింది. షాపులో పద్ధతి ప్రకారం చెయ్యాల్సిన పని మాత్రం ఒక్కనాడూ చెయ్యలేదు. మూడు కొట్టిన మనిషికి బదులివ్వలేదు.

అట్ట కింద పెట్టింది. ఆపరేటరు బల్ల మీది స్పానరు తీసుకుని మూడో స్తంభం మీద రెండు దెబ్బలు గట్టిగా కొట్టింది.

షాపంతా ఇటు తిరిగింది. ఆ రెండు దెబ్బలు పడ్డాయంటే లోపల మనిషి ఉన్నట్టే. ఇన్నేళ్ళ అలవాటు మేనేజరు మాట కోసం ఆగదు. ఆపరేటరు చెయ్యి దానంతటదే వెళ్ళి పంపు ఆపేసింది. ఎండ్రకాయ నిప్పు తొక్కినట్టు పైకి ఎగిరొచ్చాడు.

"లోపల... ఎవరు మేడం?" అన్నాడు ఆపరేటరు.

"చూసొస్తాను."

కొత్త స్విచ్చికి తన ఎర్రతాళం వేసి, చీటీ తగిలించి, తాళంచెవి జేబులో వేసుకుంది. తాళం ఒక్కటే చాలదని ఆమెకు తెలుసు. ఒకసారి పక్కనించి వైరు లాగినవాడు రెండోసారి లాగలేడా? "మేడం, ఏమిటీ నాటకాలు?" అని మేనేజరు అరుస్తుండగా నిచ్చెన దిగింది.

గోతిలో నూనె వాసన, చీకటి. టార్చి మూడో స్తంభం మొదట్లో వేసింది. నాలుగు బోల్టుల్లో మూడింటికి నట్లు రెండు వేళ్ళ మందాన పైకి లేచి ఉన్నాయి. కింది పలక చిట్లి, ఆ చీలికలో చిటికెన వేలు దూరింది. ఆమెకు దుఃఖం పొర్లుకొచ్చింది. తన చెవి తప్పు కాదు. రెండు నెలలుగా తప్పు కాదు. చప్పుడు పంపు ఆన్ చేసినప్పుడల్లా ఆ మూడు నట్లూ అదరడం వల్ల వచ్చిందే అయ్యుంటుంది. అలాగే అనుకుని కళ్ళు తుడుచుకుంది. అప్పుడు కనబడింది, స్తంభం వెనక కొక్కేనికి వేలాడుతున్న పాత స్పానరు. దాని పిడంతా తుప్పు. కొస మాత్రం రోజూ వాడుతున్నట్టు తళతళలాడుతోంది. చేత్తో ముట్టుకుంది. వెచ్చగా ఉంది.

భయపడలేదని చెబితే అబద్ధం. అయినా దాన్ని కొక్కెం మీంచి తీసి, స్తంభం మీద మూడు కొట్టింది.

పైనించి రెండు దెబ్బలు. ఆపరేటరు. కాసేపాగి ఇంకో మూలనించి ఇంకో రెండు. ఎండ్రకాయ అయ్యుంటాడు.

చీలిక ఫోటోలు తీసి మేనేజరుకీ, మేనేజరు పైవాళ్ళకీ పంపింది. మెషీను విప్పే మనుషులొచ్చి పని మొదలుపెట్టేదాకా పైకి రానని రాసింది. ఆరవుతుండగా ఫోను మోగింది.

"ఎక్కడున్నావు?" భర్త. "మీ మేనేజరు నాకు ఫోన్ చేశాడు. పరువు తీస్తున్నావట. ముందు బయటికి రా."

"లోపల ఉన్నానండీ. పనవ్వాలి."

"ఇక్కడ అమ్మ ఒక్కతే వంటింట్లో అవస్థ పడుతోంది, తెలుసా?"

అతని గొంతు వెనక కుళాయి నీళ్ళ చప్పుడు, గిన్నెల చప్పుడు. ఆ వెనక ఇంకొకటి. టక్, టక్, టక్. కాసేపు ఏమీ లేదు. మళ్ళీ మూడు.

"ఆ చప్పుడేంటండీ?"

"ఏ చప్పుడు? నాకేం వినబడట్లేదే."

"ఫోను స్పీకర్లో పెట్టి వంటింట్లోకి తీసుకెళ్ళండి."

"ఎందుకు?"

"తీసుకెళ్ళండి."

గొణుక్కుంటూ నడిచిన అడుగులు వినబడ్డాయి. నీళ్ళ చప్పుడు దగ్గరైంది. ఆమె ఫోనుని మూడో స్తంభానికి ఆనించి, స్పానరెత్తి, రెండు కొట్టింది.

అవతల కుళాయి ఆగిపోయింది.