పెళ్ళికొడుకు లేని పెళ్ళి

“ఆడవాళ్ళు కూడా వంటావార్పుల్లో తమ వంతు సాయం చేశారు. ఇక్కడ చుక్క పెట్టు,” అన్నాడు చింగుంబే మాస్టారు.

సోమోయె చుక్క పెట్టింది. పెట్టి, పొయ్యి మీది కొబ్బరిపాలు పొంగుతున్నాయేమోనని వంటింటి వైపు ఒక చెవి పడేసింది. అరవై ఎనిమిదేళ్ళు వచ్చాక ఆమెకి కొత్త కొలువు దొరికింది. మాస్టారి కళ్ళకి పొర కమ్మి రెండేళ్ళవుతోంది, వెలుగూ నీడా తప్ప తెలియవు. సరిగ్గా ఇప్పుడే స్వాతంత్ర్యం తెచ్చిన పార్టీకి యాభై ఏళ్ళు నిండాయనీ, ప్రతి శాఖా తన చరిత్ర రాసి పంపాలనీ జిల్లా నుంచి కబురొచ్చింది. లిందీ ఊరి శాఖకి మాస్టారు కాక ఇంకెవరు రాస్తారు, ఊళ్ళో సగం మంది చేత అక్షరాలు దిద్దించిన మనిషి! కాబట్టి ఆయన అరుగు మీద చాప పరుచుకుని చెబుతాడు, ఆమె రాస్తుంది. మధ్యమధ్య లేచి చేప తిప్పుతుంది, కాఫీ కాస్తుంది, వచ్చినవాళ్ళు చేతులు కడుక్కోవడానికి నీళ్ళు పోస్తుంది. పుస్తకం అట్ట మీద ఆయన పేరుంటుంది. కలం పట్టుకున్నవాళ్ళ పేరు ఎక్కడ వేస్తారో ఆమె అడగలేదు, ఎవరూ చెప్పనూ లేదు.

ఊరందరి చేతా దిద్దించిన మాస్టారు పెళ్ళాం చేత మాత్రం దిద్దించలేదు. కొత్తకాపురంలో ఒకసారి అడిగితే, “ఉత్తరాలు ఎవరికి రాస్తావే? నేనిక్కడే ఉన్నాగా,” అని నవ్వేశాడు. పెద్దవాళ్ళందరూ చదవాల్సిందేనని పార్టీ పట్టుబట్టి జీడిమామిడి తోటలో బడి పెట్టించినప్పుడు, దాదాపు నలభయ్యో ఏట, కర్రపెండలం తవ్విన చేతులతోనే వెళ్ళి పలక పట్టింది సోమోయె. తన పేరు తాను మొదటిసారి రాసుకున్న రోజున ఇంటికొచ్చి చూపిస్తే, “వంకరగా ఉంది,” అన్నాడాయన. వంకరైనా అది ఆమె పేరు. అందుకే పార్టీ అంటే ఆమెకి పుట్టిల్లు. ఇప్పటి కుర్రకారు దాన్ని తిడుతుంటే, తిట్టడానికి బోలెడు కారణాలున్నాయని తెలిసి కూడా మనసు చివుక్కుమంటుంది.

సాయంత్రం నాలుగింటికి శాఖ చైర్మన్ నసోరో వచ్చాడు. మాస్టారి పాత శిష్యుడు. ఇప్పుడు బజారులో బట్టలకొట్టూ, దానికి తగ్గ బొజ్జా ఉన్న మనిషి.

“పిన్నీ, నీ చేతి బియ్యపు బూరెల కోసమైనా ఈ చరిత్ర ఇంకో ఏడాది సాగితే బాగుండు,” అంటూ చాప మీద కూలబడ్డాడు. “ఎందాకా వచ్చింది మాస్టారూ?”

“శాఖ పుట్టిన రోజు దాకా. చదువు సోమోయె.”

ఆమె చదివింది. “ఆ రోజుల్లో సభలు జరుపుకోవడానికి దొరల ప్రభుత్వం అనుమతి ఇచ్చేది కాదు. అందుచేత శ్రీ నసోరో గారి ఇంట పెళ్ళి జరిగిన శుభదినాన ఊరి పెద్దలు రహస్యంగా సమావేశమై శాఖను స్థాపించారు.”

“భేష్!” అన్నాడు నసోరో.

“మీ ఇంట్లో ఎవరి పెళ్ళి నాయనా అది?” అడిగింది సోమోయె.

నసోరో తల గోక్కున్నాడు. “మా చిన్నాన్నది కాదూ? నాకప్పుడు ఎనిమిదేళ్ళు. డప్పులు గుర్తున్నాయి, ముసుగేసుకున్న పెళ్ళికూతురు గుర్తుంది. పెళ్ళికొడుకే సరిగ్గా గుర్తుకు రావడం లేదు.”

“ఉంటేగా గుర్తుకు రావడానికి! అది ఉత్తుత్తి పెళ్ళి. జరిపించింది మతావుసి అక్క. మీ పెరడు పెద్దదని అక్కడ పెట్టింది, అంతే. ఆవిడ పేరు రాయరేం?”

నసోరో గొంతు తగ్గించాడు. “మతావుసి అంటే, ఆ సారా కాచి అమ్మేదీ, ఆవిడేనా? పిన్నీ, రేపు ఈ పుస్తకం ఇమాంగారు చూస్తారు, మంత్రిగారు చూస్తారు. పార్టీని కన్నతల్లి సారాకొట్టు మనిషి అని రాయమంటావా?”

“ఆ సారా తాగిన పెద్దల పేర్లు మాత్రం వరసగా రాయించారుగా!”

నసోరో పకపకా నవ్వాడు. మాస్టారు నవ్వలేదు. “కాఫీ చల్లారింది చూడు,” అన్నాడు.

కాఫీ చల్లారలేదు. అయినా లేచి వెళ్ళింది. యాభై ఏళ్ళ కాపురంలో ఆయన ఆమె నోటికి అడ్డం పడాలనుకున్నప్పుడల్లా ఏదో ఒకటి చల్లారుతూనో, మాడుతూనో ఉంటుంది ఆ ఇంట్లో. పొయ్యి ముందు పీట మీద కూర్చుని మసికుండని చూస్తూ ఉంటే, పంతొమ్మిదేళ్ళ సోమోయె కళ్ళ ముందుకొచ్చింది. చేతులకి గోరింట, తల మీంచి ఎర్రచీర ముసుగు, కిందేమో పార్టీ సభ్యత్వ కార్డుల కట్టలు. సభకి అనుమతి లేదు గానీ పెళ్ళి డప్పుకి దొరలు కూడా అడ్డు చెప్పరని మతావుసికే తట్టింది. ఆమె ఆటపాటల బృందంలో నలభై మంది, అందరూ ఒకే అచ్చు గుడ్డ కట్టి ఆడేవాళ్ళు. “పెళ్ళికూతుర్ని చూడ్డానికి ఎవరొచ్చినా ఎవరూ అనుమానించరే. నువ్వు కదలకుండా కూర్చో, చాలు. మీ ఆయన సర్కారు బడి పంతులు, పార్టీలో చేరకూడదు. పంతులు పెళ్ళాం చేరకూడదని ఏ కాగితంలో రాశారో చూపించమను,” అంది. మతావుసి మాటంటే మాటే. అమ్మలక్కలు ఒక్కొక్కరే వచ్చి ముసుగెత్తి చూసి, చదివింపు పెట్టినట్టు పెట్టి, ముసుగు చాటున కార్డు అందుకుని రవికెలో దోపుకునేవాళ్ళు. మొగుళ్ళ పేరు మీద కొన్నవాళ్ళు, కొడుకుల పేరు మీద కొన్నవాళ్ళు, తమ పేరు మీద కొనుక్కుని గుటకలు మింగినవాళ్ళు. పొద్దువాలే లోపల అరవై రెండు కార్డులు చెల్లిపోయాయి.

ఎవరు చెప్పారో, పోలీసులు వచ్చారు. డప్పు ఆగలేదు. మతావుసి ఆడుతూ ఆడుతూనే సోమోయెని పెరటి దొడ్డిదారిన బయటికి తోసేసింది. “అన్నీ నావే, పెళ్ళీ నాదే, కార్డులూ నావే,” అని ఎదురెళ్ళి నిలబడింది. సోమోయె చెప్పుల్లేకుండా పరుగెత్తింది. ఆమెకి తెలిసిన చదువుకున్న మగవాడు ఒక్కడే. బడి కిటికీ దగ్గర నిలబడి, “ఏమండీ, అక్కని తీసుకుపోతున్నారు, వచ్చి ఒక్క మాట చెప్పండి,” అని ఏడ్చింది. లోపల పిల్లలు ఎక్కం చదువుతున్నారు. మాస్టారు ఆమెని చూశాడు, గోరింట చూశాడు, వచ్చి కిటికీ తలుపు మూశాడు.

మతావుసికి మూడు నెలల జైలు పడింది. బయటికొచ్చాక సారా అమ్మే అనుమతి లేదన్నారు. పడవల రేవులో ఉడికిన కర్రపెండలం అమ్ముకుని, స్వాతంత్ర్యం వచ్చిన నాడు జనంలో ఎక్కడో వెనక నిలబడి ఆడి, ఆ తర్వాత ఏడాదికే దగ్గుతో పోయింది. ఇక్కడ అత్తగారు ఊరుకుందా? “మొదటి మొగుడు బతికుండగానే రెండోసారి పెళ్ళికూతురివయ్యావటే!” అని మూడేళ్ళు సాధించింది. మాస్టారు ఒక్క మాటే అన్నాడు. “నా ఉద్యోగం ఊడితే ఈ పదకొండు మందికీ నువ్వు పెడతావా?” అది అబద్ధం కాదు. ఆయన జీతం మీద నిజంగానే పదకొండు నోళ్ళుండేవి. ఆయన భయపడ్డాడు, భయపడటం తప్పని సోమోయె ఏనాడూ అనుకోలేదు. కానీ ఆ కిటికీ సంగతి ఆయన ఎత్తలేదు, ఆమె అడగలేదు. ఇద్దరూ దాని చుట్టూ తిరుగుతూ ముసలివాళ్ళయిపోయారు.

మర్నాడు పొద్దున్నే, “నసోరో రేపొచ్చి పట్టుకెళ్తాడు, ఇవాళ శుద్ధప్రతి రాసెయ్యి,” అని చెప్పి మాస్టారు మసీదుకి చెయ్యి పట్టుకుని నడిపించే మనవడితో వెళ్ళాడు. సోమోయె బియ్యం కడిగి పెట్టి, గడప మీద కూర్చుని నోటుపుస్తకం తెరిచింది. వంటావార్పుల దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆగిపోయింది. తన పేరు లేకపోతే పోయింది, దానికి అలవాటు పడ్డ ప్రాణం. కానీ జైలుకెళ్ళిన మనిషిని తన చేత్తో తానే చుక్క పెట్టి పాతెయ్యడమా? ఆవిడ పార్టీయే కదా తనకీ కలం ఇచ్చింది. ఆ పేజీ చింపి, మళ్ళీ మొదలుపెట్టింది. అన్నం మాడింది. మాడనిచ్చింది.

రాసి ముగించాక ఒక సులువైన దారి కనపడింది. ఆయనకి కళ్ళు లేవు. ఆయన చెప్పించిందే పైకి చదివి, తాను రాసింది పంపెయ్యొచ్చు. ఇంట్లో నెగ్గుకు రావాలంటే ఆడవాళ్ళు చేసే పని అదే, ఆమే ఎన్నిసార్లో చేసింది. ఈసారి మాత్రం సిగ్గేసింది. మళ్ళీ ముసుగు కిందేనా?

మధ్యాహ్నం భోజనమయ్యాక మాస్టారు అరుగు మీదికి వచ్చాడు. “అన్నం మాడిందేం? సరే, చదువు.”

“లిందీ శాఖను స్థాపించినది మతావుసి బింతి సలూము,” అని మొదలుపెట్టింది. “ఆమె సారా కాచి అమ్మేది, పాటలు కట్టేది. పెళ్ళికొడుకు లేని పెళ్ళి జరిపించి ఒక్క పగటిలో అరవై రెండు కార్డులు పంచింది. పోలీసులు వస్తే నేరమంతా తన మీద వేసుకుని మూడు నెలలు జైలుకెళ్ళింది. ఆనాడు పెళ్ళికూతురుగా కూర్చున్నది సోమోయె బింతి అలీ.”

మాస్టారి వేళ్ళు చేతికర్ర మీద బిగుసుకున్నాయి. “నేను చెప్పింది ఇది కాదు.”

“కాదు. మీరక్కడ లేరు.”

“నసోరో ఒప్పుకోడు.”

“ఒప్పుకోకపోతే వేరే చెయ్యి వెతుక్కోమనండి. ఈ చెయ్యి ఆవిడ పేరు కొట్టెయ్యదు.”

రేవులో ఏదో పడవ మోటారు మొరాయించి ఆగింది, మళ్ళీ అందుకుంది. ఆయన మొహం ఆమె వైపు తిరిగి ఉంది, కళ్ళు మాత్రం ఎక్కడో ఉన్నాయి. “మరి నా గురించి ఏం రాశావు?” అన్నాడు. తరగతి గదిలో పేరు పిలిస్తే లేచి నిల్చున్న పిల్లాడి గొంతులా ఉంది. ఆమెకి జాలేసింది. జాలేసినా మాట మార్చలేదు.

“ఏమీ రాయలేదు,” అంది సోమోయె, కలం అందుకుంటూ. “మీ కోసం నాలుగు గీతలు ఖాళీ ఉంచాను. నేను ఏడుస్తూ బడి దగ్గరికి వచ్చినప్పుడు మీరేం చేశారో చెప్పండి, రాస్తాను.”